వరద నేర్పిన వాస్తువు: హైదరాబాదు నగర నిర్మాణంపై ఒక పరిశీలన

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదును ముంచివేయడమే కాక, నగర నిర్మాణాన్ని గురించి పాలకులు కొత్తగా ఆలోచించక తప్పని స్థితిని కల్పించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈలోగా 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలను తొలగించి వీధులను వెడల్పు చేసింది.

ఆ బోర్డు నిర్మాణాలలో చార్మినార్ వైపు సాగే పత్తర్‌గట్టీ ప్రత్యేకంగా పరిశీలించదగినది. అక్కడ విడిగా చూస్తే ఏ దుకాణమూ గొప్ప కట్టడం కాదు. ఒకే తీరు రాతిపని, ఎడతెగని తోరణాల వరుస, బాటసారికి ఎండావానల నుంచి రక్షణనిచ్చే వసారా కలిసి ఆ వీధికి శోభను కూర్చాయి. మూసీకి ఇరువైపులా హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఎదురెదురుగా నిలవడంలోనూ ఈ సమష్టి దృష్టే కనిపిస్తుంది.

నేటి నగరపు వికారానికి అద్దాల మేడలే కారణమనడం పరిపాటి. దక్కను ఎండలకు అద్దపు గోడ తగదన్నది నిజమే. అయితే అంతకన్న పెద్ద లోపం, కట్టడానికి వీధితోనూ వీధికి నీటితోనూ ఉండిన సంబంధం తెగిపోవడం. మాసాబ్ ట్యాంకులో చెరువు లేదు, పేరు మిగిలింది. వరద కారణంగానే ప్రణాళికను అలవరచుకొన్న ఈ నగరంలో, 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు నీట మునిగాయి.