తోక ఏడున్నది?

2020 జులైలో, లాక్‌డౌన్ వల్ల బంట్వారంలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్న రోజుల్లో, నియోవైజ్ తోకచుక్క వచ్చింది. వానాకాలం, ఎప్పుడూ మబ్బులే. ఒక సాయంత్రం వాయవ్యం వైపు కాస్త తెరిపిస్తే, డాబా మీద నాయనమ్మ చేతికి బైనాక్యులర్స్ ఇచ్చాను. చాలాసేపు చూసి, “తోక ఏడున్నదిరా?” అంది. నాకూ మసక మరక తప్ప ఏమీ కనపడలేదు. “తోక లేంది తోకచుక్క ఎట్లయితది?”

ఈ ప్రశ్న దగ్గర పెద్ద పెద్దవాళ్ళే తడబడ్డారు. 1801 జనవరి 1న సిసిలీలో పియాజ్జి సెరిస్‌ను చూసి, తోక లేకపోయినా, ముందు తోకచుక్క అనే ప్రకటించాడు. మరుసటి ఏడు హెర్షెల్ ఇలాంటివాటికి ‘ఆస్టరాయిడ్’ అని పేరు పెట్టాడు. నక్షత్రంలా కనిపించేది అని అర్థం. అంటే పేరు పెట్టింది వస్తువుకు కాదు, టెలిస్కోపులో దాని వాలకానికి. మన ‘తోకచుక్క’ కూడా అంతే. ‘గ్రహశకలం’ అన్న మాటలో ఇంకో పొరపాటుంది. అవి పగిలిపోయిన ఏదో గ్రహం ముక్కలని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి వాటిలో ఎక్కువభాగం, గురుడి ఆకర్షణ వల్ల కూడి గ్రహం కాలేకపోయిన సరుకు.

అసలు తేడా పుట్టిన చోటులో ఉంది. గ్రహశకలాలు చాలావరకు కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాయి, లోహం. తోకచుక్కలు దూరపు చలిలో తయారైన మంచు, దుమ్ము. సూర్యుడి దగ్గరికొస్తే మంచు ఆవిరై, దుమ్మును వెంటబెట్టుకుని తోకవుతుంది.

పేర్లు పెట్టే పద్ధతీ వేరే. దానికి మన హైదరాబాదు కుర్రాడే ఉదాహరణ. వైను బప్పు తండ్రి బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. నిజాం కాలేజీలో చదివిన బప్పు, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళి, 1949లో తాను తీసిన ఫోటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దాని పేరు బప్పు-బాక్-న్యూకిర్క్. తోకచుక్కకు కనిపెట్టినవాళ్ళ పేరే వస్తుంది. 2596 నంబరు గ్రహశకలం పేరు కూడా ‘వైను బప్పు’. కానీ దాన్ని కనిపెట్టింది ఆయన కాదు, అది ఇతరులు గౌరవంగా ఇచ్చిన పేరు. ఒకటి సంపాదన, ఒకటి సన్మానం.

ఇంత చక్కగా విడగొట్టుకున్న ఖానాలు కూడా నిలవలేదు. అదే 1949లో పాలొమార్‌లో విల్సన్, హారింగ్టన్ ఒక తోకచుక్కను చూశారు. తర్వాత అది కనపడకుండా పోయింది. 1979లో ఎలినార్ హెలిన్ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టింది. ఆ రెండూ ఒకటేనని 1992లో తేలింది. ఇప్పుడు దానికి రెండు జాబితాల్లోనూ నంబరుంది. డేటాబేసులతో రోజూ కుస్తీపట్టే నాకిది భలే నచ్చింది: తోక అనేది రకం కాదు, స్థితి.

నాయనమ్మకు ఆ రోజే ఈ మాట చెప్పాల్సింది. బప్పు పేరున్న తోకచుక్క ఇప్పుడు సూర్యుడికి చాలా దూరంలో, చలిలో, తోక లేకుండానే పోతూ ఉంటుంది. అయినా అది తోకచుక్కే.