మాగ్నమ్ తూటా అంత పెద్దగా ఎందుకు ఉంటుంది?

ఈసారి విషయం కాస్త వింతగా అనిపించవచ్చు. వేటను పొగడటానికి రాస్తున్నది కాదిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో ఆ అధ్యాయం మూతపడింది, మూతపడటమే మేలయింది. అయితే తుపాకీమందు చరిత్రలో ఒక పాయ మనం ఉండే కొండల మీదుగా, మనం తిరిగే అడవుల మీదుగా వెళ్లింది. దాన్ని ఎవరూ మనకు చెప్పరు కనుక నేను చెబుతున్నాను.

మేట్టుపాళయంలో ఊటీ చిన్నరైలు ఎక్కినవాళ్లకు కూనూరు, వెల్లింగ్టన్ దాటగానే అరువంకాడు స్టేషన్ గుర్తుండే ఉంటుంది. అక్కడ 20వ శతాబ్దం మొదటి ఏళ్లలోనే కార్డైట్ ఫ్యాక్టరీ పెట్టారు. సైన్యం తూటాలకూ ఫిరంగులకూ కావలసిన మందు అక్కడ తయారయ్యేది.

కార్డైట్‌ను 1889లో ఇంగ్లండులో ఏబెల్, డ్యూవర్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నైట్రోగ్లిజరిన్ 58 పాళ్లు, ఆమ్లాల్లో నానబెట్టి తీసిన పత్తి 37 పాళ్లు, వాజ్‌లైన్ 5 పాళ్లు. వీటిని అసిటోన్‌తో ముద్దలా పిసికి, చిల్లుల్లోంచి నొక్కి తీగలుగా తీస్తారు. మనిళ్లలో జంతికల గొట్టం పనే అనుకోండి (మురుకుల గొట్టం అనేవాళ్లు అలాగే అనుకోండి). ఆరిన తర్వాత చూస్తే అచ్చం సేమ్యా. ఆ సేమ్యా కట్టను ఇత్తడి డొల్లలో నిలువుగా పెట్టి, ఆ తర్వాతే డొల్ల మెడను సన్నగా నొక్కేవారు.

దీనికి ముందున్నది పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపిన పాత మందు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'నల్ల మందు' అంటారు. మన భాషలో ఆ మాటకు అర్థం వేరు కనుక పాత మందు అనే అంటాను. అది కాలితే సగానికి పైగా పొగగానూ మసిగానూ మిగిలిపోతుంది, వాయువుగా మారి బుల్లెట్‌ను తోసేది సగం లోపే. అందుకే పాత మందు రోజుల్లో పెద్ద జంతువు కోసం చేసిన తూటాలకు పొడుగాటి డొల్లలు ఉండేవి. .450 ఎక్స్‌ప్రెస్ అనే తూటాలో 120 గ్రెయిన్ల మందు పట్టేది. గ్రెయిన్ అంటే కంసాలి తూకంలో గురివింద గింజ ఎత్తులో సుమారు సగం.

1898లో రిగ్బీ అనే తుపాకుల కంపెనీ అదే పొడుగాటి డొల్లలో పాత మందు బదులు 70 గ్రెయిన్ల కార్డైట్ పెట్టింది. అంతకుముందు కన్నా బాగా బరువైన 480 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2150 అడుగుల వేగంతో వెళ్లింది. మందు దాదాపు సగానికి తగ్గింది, దెబ్బ పెరిగింది. ఇంత తక్కువ మందు చాలినప్పుడు డొల్లను కుదించవచ్చు కదా? కుదించలేదు. మాగ్నమ్ కథకు తాళంచెవి ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కారణం మన ఎండ. కార్డైట్ వంటి మందులు వేడెక్కితే ఇంకా జోరుగా కాలతాయి. లండన్ చలిలో పరీక్షించిన తూటా, మే నెలలో కడప అడవిలోనో సూడాన్‌లోనో ఎండకు కాగిన తుపాకీలో పేలితే లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఇత్తడి డొల్ల ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుపోతుంది. రెండు గొట్టాల తుపాకీకి ఇరుక్కున్న డొల్లను లాగేసే బలం తక్కువ. గాయపడిన పులి పొదలో ఉండగా ఖాళీ డొల్ల బయటికి రాకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకని డొల్లలో చోటు ఎక్కువ ఉంచి, ఒత్తిడి తక్కువ చేసి, అడుగు నుంచి మెడ దాకా ఏటవాలుగా సన్నబరిచారు, సులువుగా ఊడిరావడానికి. పెద్ద డొల్ల పుట్టింది వేగం కోసం కాదు, ఉష్ణదేశాల్లో ప్రాణభద్రత కోసం.

మధ్యలో ఒక తమాషా జరిగింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరు తుపాకులను ఇండియాలోనూ సూడాన్‌లోనూ నిషేధించింది. సైన్యం వాడిన పాత మార్టినీ తుపాకుల బోరూ అదే. వేట తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చేరతాయని దొరలకు భయం. తుపాకుల కంపెనీలు ఏం చేశాయి? అంకె మార్చాయి. .465 వచ్చింది, .470 ఊపందుకుంది. బోరులో తేడా వెంట్రుకవాసి, ఏనుగుకు తెలిసేంత కాదు. ఆ పేర్లు నేటికీ నిలిచాయి.

హాలండ్ అండ్ హాలండ్ వారి .375 మాగ్నమ్ 1912లో వచ్చింది. అదీ కార్డైట్ కోసమే చేసినది, అదే ఏటవాలు డొల్ల. అయితే ఇది ఒకే గొట్టం ఉండి, అడుగున తూటాల పెట్టె ఉండే తుపాకీకి. డొల్ల అంత ఏటవాలుగా ఉంటే దాన్ని గొట్టంలో సరిగ్గా ఆపే భుజం ఉండదు. అడుగున అంచు పెడితే పెట్టెలో తూటాలు ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకని అడుగుకు కాస్త పైన ఇత్తడి పట్టీ ఒకటి చుట్టినట్టు తీర్చారు. 'బెల్టెడ్ మాగ్నమ్' అన్నది అక్కడి నుంచి వచ్చిన పేరే. మాగ్నమ్ అంటే లాటిన్‌లో పెద్దది అని, అంతే.

వేగం మోజు మాత్రం అప్పటికే మొదలైంది. .280 రాస్ అనే తూటా 140 గ్రెయిన్ల పైచిలుకు బుల్లెట్‌ను సెకనుకు దాదాపు 3000 అడుగులతో పంపేది. జింకల మీద అద్భుతం అన్నారు. 1911లో తూర్పు ఆఫ్రికాలో జార్జ్ గ్రే అనే ఆయన ఆ తుపాకీతోనే సింహాన్ని దగ్గరి నుంచి కాల్చాడు. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రేకి తమ్ముడాయన. సింహం ఆగలేదు. ఆయన ఆ గాయాలతోనే చనిపోయాడు. అంత వేగంలో పలచని బుల్లెట్ కండకు తగలగానే చిట్లిపోతుంది, ఎముక దాటి లోపలికి పోదు.

ఆ తర్వాత కథ అమెరికాకు పోయింది. 1925లో హాలండ్ వారే .375 డొల్లను మెడ దగ్గర సన్నబరిచి .300 చేశారు. 1935లో బెన్ కంఫర్ట్ అనే ఆయన దానితో అమెరికాలో వింబుల్డన్ కప్ అనే వెయ్యి గజాల గురి పోటీ గెలిచాడు. ఇక అందరి కళ్లూ దాని మీదే. 1940లలో కాలిఫోర్నియాలో రాయ్ వెదర్‌బీ ఆ డొల్ల ఏటవాలును ఉబ్బించి, ఎండ భయం కోసం ఖాళీగా ఉంచిన చోటునంతా కొత్త మందుతో నింపాడు. భద్రత కోసం వదిలిన గది వేగం కోసం గోదామయింది. భుజం స్పష్టంగా ఉన్న డొల్లకు ఆ పట్టీతో పని లేకపోయినా, మాగ్నమ్ అన్నాక పట్టీ ఉండాలి అని దాన్నీ ఉంచేశారు.

లెక్క చూడండి. మూడూ ఒకే బోరు, బుల్లెట్ 180 గ్రెయిన్లే. అంకెలు సుమారువి. .308 విన్‌చెస్టర్‌లో 44 గ్రెయిన్ల మందుకు వేగం 2620 అడుగులు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో 72కు 2960. .30-378 వెదర్‌బీలో 110కి 3400. అంటే మందు రెండున్నర రెట్లు అయింది, వేగం మూడో వంతు కూడా పెరగలేదు. ఒక్కో గ్రెయిన్ మందు వల్ల బుల్లెట్‌కు దక్కిన శక్తి దాదాపు మూడో వంతు తగ్గింది. తూటాల లెక్కలు కట్టిన హోమర్ పౌలీ చెప్పిన సూత్రం ఇదే: డొల్లలో చోటు నూటికి ఇరవై పెంచితే వేగం నూటికి ఐదు పెరుగుతుంది.

ఎందుకంటే ఆ మందు బుల్లెట్‌ను ఒక్కదాన్నే తోయదు, తన బరువునూ తానే తోసుకుంటూ గొట్టం వెంట పరుగెత్తాలి. 180 గ్రెయిన్ల బుల్లెట్ వెనక 110 గ్రెయిన్ల మందు అంటే బండి బరువు సామాను బరువులో సగానికి పైనే. గొట్టం సన్నం, పొడవూ పరిమితమే. బుల్లెట్ బయటపడేసరికి వెనక వాయువుల్లో ఇంకా బోలెడు ఒత్తిడి ఉంటుంది. అది మూతి దగ్గర చప్పుడుగా, మంటగా, భుజానికి తన్నుగా వృథా అవుతుంది. గొట్టం మొదట్లో ఉక్కు కూడా ఆ వేడికి తొందరగా అరుగుతుంది. ఈ అరుగుడు బాధ కార్డైట్‌కూ ఉండేది. బోయర్ యుద్ధంలో గొట్టాలు అరిగిపోయాయని 1901లో నైట్రోగ్లిజరిన్‌ను 58 పాళ్ల నుంచి 30కి తగ్గించారు.

వేగం బొత్తిగా పనికిరాదని కాదు. అమెరికా పడమటి మైదానాల్లో నాలుగైదు వందల గజాల దూరంలోని జింకకు గురిపెట్టేవాడికి బుల్లెట్ తక్కువ కిందికి జారడం నిజమైన లాభం. మన అడవుల్లో అది ఎవరికి కావాలి? జిమ్ కార్బెట్ రుద్రప్రయాగ చిరుతను 1926లో చంపింది .275 రిగ్బీతో, అది చిన్న తూటా. అంతకుముందు ఆయన చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. దాని కుడివైపు కోరలు పైదీ కిందదీ పాత తుపాకీ దెబ్బకు విరిగి ఉన్నాయి. ఎవరో కాల్చారు, చావలేదు, మామూలు వేట దానికి చేతకాక మనుషుల మీద పడింది. ఆ దెబ్బ వేగం చాలక కాదు, తగలవలసిన చోట తగలక తప్పింది. దాని మూల్యం కట్టెలకూ గడ్డికీ వెళ్లిన పల్లె ఆడవాళ్లు కట్టారు.

బెంగళూరు కెన్నెత్ ఆండర్సన్‌ను మనలో చాలామంది చదివే ఉంటారు. చామల లోయ, మామండూరు, ఏలగిరి, అన్నీ మన పొరుగు ఊళ్లే. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది .405 విన్‌చెస్టర్, 1904 నాటి తూటా. 300 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2200 అడుగులు. వెదర్‌బీ అభిమానులు నవ్వుతారు. మంచె మీద నుంచి టార్చి వెలుగులో ఇరవై గజాల దూరంలో ఉన్న పులికి బుల్లెట్ 2200తో వచ్చిందా, 3400తో వచ్చిందా అన్న తేడా గురిలో కనిపించదు. బరువైన బుల్లెట్ చిట్లకుండా లోపలి దాకా వెళ్లిందా లేదా అన్నదే తెల్లారాక రక్తపు జాడ వెంట నడవాల్సిన మనిషికి కావలసింది.