కోనసముందర్ ఉక్కు, కమాన్ పట్టా కత్తి

సికింద్రాబాదు నుంచి నిజామాబాదు వెళ్లేవాళ్లకు ఇందల్వాయి అంటే టోల్‌గేటే గుర్తుంటుంది. నాకు కత్తులు గుర్తొస్తాయి. 1666లో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోల్కొండకు వెళ్తూ ఆ ఊరి గురించి రాసుకున్నాడు. కత్తులు, బాకులు, ఈటెలు అక్కడ విస్తారంగా తయారవుతాయని, దేశం నలుమూలలకూ అక్కడి నుంచే వెళ్తాయని, ఇనుము ఆ దగ్గరలోనే దొరుకుతుందని అన్నాడు.

మా వారాసిగూడలో ఉస్మానియాలో చదివే పిల్లలు కొందరున్నారు. సెలవు దొరికితే డేరాలు మూట కట్టుకుని అడవుల వెంట పడతారు. "అంకుల్, మడత పెట్టేది వద్దు, గట్టి పెద్ద కత్తి కావాలి, ఏది కొనమంటారు?" అని అడుగుతారు. ఫోన్లో అమెరికా కత్తి బొమ్మ చూపిస్తారు. నేను ఇందల్వాయి నుంచి మొదలుపెడతాను. కట్టె చీల్చడానికి, ముళ్లకంప కొట్టడానికి, గుంజ చెక్కడానికి పనికొచ్చే కత్తి కొనాలంటే ముందు ఉక్కు సంగతి తెలియాలి. ఆ సంగతి తెలంగాణ పల్లెల్లో పుట్టి పెరిగిందే.

ఆర్మూరు దాటి జగిత్యాల రోడ్డు పట్టుకుంటే కమ్మర్‌పల్లి, ఆ మండలంలోనే కోనసముందర్. పాత రాతల్లో కోనసముద్రం అని ఉంటుంది. ఇక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, ఊళ్లో మకాం వేసి, ముద్దలు తమ ఎదుటే తయారు చేయించుకుని తీసుకెళ్లేవారు. 17వ శతాబ్దంలో వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడా పర్షియా కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు తేలాలంటే గోల్కొండ ఉక్కే కావాలన్నాడు. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వోయిసీ ఈ ఊరి కొలుములను దగ్గరుండి చూశాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ వివరాలు 1832లో అచ్చయ్యాయి. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసల్లో పెట్టి, మూత మీద మట్టి మెత్తి, రాత్రీ పగలూ తిత్తులు ఊది కరిగించేవారని అందులో ఉంది.

ఆ మూస పెంకు ఒకటి చేతిలో పట్టుకుని చూశాను. బయటంతా గాజు కరిగి కారినట్టు నల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా మెరుస్తుంది. విరిగిన అంచు చూస్తే సన్నని గీతల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అవి వడ్ల పొట్టువి. మట్టిలో ఊక కలిపి మూస చేసేవారు. ఊక మాడి బొగ్గవుతుంది, మూస ఆ సెగకు నిలుస్తుంది. మెట్టపల్లి వైపు నుంచి వచ్చిన ఇనుప ఇసుక, పొలంలోని ఊక, అడవి బొగ్గు, వీటితోనే ప్రపంచం వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు తయారైంది. సేలం, మైసూరు వైపు మూసలో తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు కూడా వేసేవారు. ఇనుములోకి కర్బనం ఎక్కేది వాటి నుంచే.

బొంబాయి నుంచి పంపిన ఇలాంటి దక్షిణాది ముద్దల మీదే 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ వ్యాసం చదివాడు. 1819లో మైకేల్ ఫారడే ఆ ఉక్కును విశ్లేషించాడు. ఇంగ్లండు అప్పుడు మన ఉక్కు గుట్టు పట్టుకోవాలని తంటాలు పడుతోంది.

అలాగని ఆ ఉక్కుతో చేసిన కత్తే అడవికి తీసుకెళ్లాలని నేను చెప్పను. ఆ ముద్దలో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అందుకే అంత పదును, ఆ చారలు. ఎండిన తుమ్మ ముడి మీద బలంగా కొట్టడానికి మాత్రం అంత గట్టి ఉక్కు పనికిరాదు, పెళుసుగా విరిగే ప్రమాదం ఉంది. రాజుల ఒరల్లో, సాలార్‌జంగ్ మ్యూజియం అద్దాల వెనక అది ఉండటమే న్యాయం. ఇంటర్నెట్లో "దమస్కస్" పేరుతో అమ్మే చారల కత్తులు చాలావరకు రెండు రకాల ఉక్కు రేకులను అతికి కొట్టినవి. కోనసముందర్ ముద్దతో వాటికి చుట్టరికం లేదు. ఈ ఒక్క మాట పిల్లలకు గట్టిగానే చెబుతాను.

ఆ కొలుములు ఎందుకు చల్లారాయి? 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక టన్నుల్లో ఉక్కు పోత పోయడం మొదలైంది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదు దాకా రైలు వచ్చింది, చవక ఇనుము దానితో పాటే దిగింది. 1893 నాటికి మా పక్కనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. బొగ్గుకు అడవి కొట్టి, ముద్దకు రాత్రీ పగలూ కూర్చునే మనిషి ఆ పోటీలో ఎట్లా నిలుస్తాడు?

పనిముట్లకు ఉక్కు మాత్రం వేరే దారిలో తిరిగొచ్చింది. 1932లో నిజాం రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సులూ లారీలూ పెరిగేకొద్దీ వాటి కింద అరిగి విరిగిన కమాన్ పట్టాలు (స్ప్రింగు పట్టీలు) కొలిమికి చేరాయి. వాటిలో కర్బనం అర శాతం పైచిలుకు, దానికి సిలికానో మాంగనీసో క్రోమియమో తోడు. దెబ్బ తిన్నా వంగి మళ్లీ లేచే గుణం అది. నేపాల్ ఖుక్రీలు చేసేది కూడా చాలావరకు ఇలాంటి పట్టాలతోనే. పిల్లలు ఫోన్లో చూపించే అమెరికా కత్తుల్లో కొన్నిటి ఉక్కు కూడా ఈ జాతిదే. వేల రూపాయల తేడా పేరుకూ ఒరకూ పోతోంది.

అందుకని నా సలహా ఒకటే. మంచి కమ్మరిని వెతుక్కోండి, కొలిమి దగ్గర నిలబడి చేయించుకోండి. పట్టాలో పగులు లేకుండా చూసుకోవాలి. పాత పట్టాలో కంటికి కనిపించని చీలిక కాల్చి నూనెలో ముంచినప్పుడే బయటపడుతుంది. వీపు దగ్గర అయిదారు మిల్లీమీటర్ల మందం చాలు, అంతకన్నా మందమైతే చెయ్యి నొస్తుంది. ఇనుము పిడి చివరి దాకా వెళ్లాలి, సగంలో ఆగితే ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పదును ఎక్కించడం. ఎర్రగా కాలిన కత్తి అయస్కాంతానికి అంటుకోనంత వేడెక్కాక, కమ్మరి అంచు వరకే నూనెలో ముంచుతాడు. వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు దిగుతుంది. మెరిసే చోట చూస్తుంటే ముందు లేత గడ్డి రంగు, ఆపైన ముదురు గోధుమ, తర్వాత నీలం పాకుతుంది. కట్టె కొట్టే కత్తికి గోధుమ రంగు దాటబోయే సమయానికి ఆపేయాలి. మంచి కమ్మరి ఎండలో ఈ పని చేయడు. నీడలో చేస్తాడు, రంగు సరిగ్గా కనపడాలి కదా.

పొడవు విషయంలో ఎనిమిది అంగుళాలకు మించొద్దు. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడవు గానీ, రెండు అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తులు వేరే లెక్కలోకి వస్తాయి. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది గానీ, రాత్రిపూట తార్నాక చౌరస్తాలో ఆపిన పోలీసుకు అదంతా వివరించడం కష్టం. కవ్వాల్, అమ్రాబాద్ లాంటి రక్షిత అడవుల్లోకి అసలు తీసుకెళ్లకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడం నేరం. కత్తి పని సొంత పొలం గట్టు మీద, తెలిసినవాళ్ల మామిడి తోటలో. తుడిచి, పూతగా కొంచెం నువ్వుల నూనె రాసి, ఒర నుంచి తీసి ఇంట్లో పెట్టుకోండి. తోలు ఒరలో వదిలేస్తే ఈ ఉక్కు వానాకాలం దాటేలోగా తుప్పు పడుతుంది.