కేఫ్‌ రేసర్‌ బైకుకు ధర కట్టడం, అమ్మడం: లెక్క, చట్టం, కాగితాలు

పాత మోటార్‌ సైకిల్‌ను విప్పి తమ అభిరుచికి తగ్గట్టు మళ్లీ కట్టించుకునేవారు దేశంలో తక్కువేమీ కాదు. జైపూర్‌లోని రాజ్‌పుతానా కస్టమ్స్‌, హైదరాబాద్‌లోని ఐమోర్‌ కస్టమ్స్‌ వంటి వర్క్‌షాపులకు ఈ పనిలోనే పేరొచ్చింది. చిక్కంతా బండిని అమ్మాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది. పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందని యజమాని అనుకుంటాడు. కొనేవాడు ఆర్సీ వైపు చూస్తాడు. బేరం కుదిరినా, పేరు మారకపోతే ఆ బండి భారం అమ్మినవాడి మీదే మిగిలిపోతుంది.

కేఫ్‌ రేసర్‌ అంటే ఏమిటి?

ఈ పేరు 1950, 60 దశకాల బ్రిటన్‌లో పుట్టింది. లండన్‌ నార్త్‌ సర్క్యులర్‌ రోడ్డు మీద 1938లో మొదలైన ఏస్‌ కేఫ్‌ అప్పటి కుర్ర రైడర్లకు అడ్డా. గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్ల వేగం అందుకోవడం వాళ్ల పంతం. అందుకోసం బండి బరువు తగ్గించేవారు. కిందికి వంగిన క్లిప్‌-ఆన్‌ హ్యాండిల్‌, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, పొడవాటి ట్యాంకు, వెనుక మూపురం ఉన్న ఒంటి సీటు ఈ బండ్ల గుర్తులు. నార్టన్‌ ఫ్రేములో ట్రయంఫ్‌ ఇంజిన్‌ బిగించిన ‘ట్రైటన్‌’ వీటిలో ప్రసిద్ధం.

రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ బ్రిటిష్‌ కంపెనీ 1964లోనే 250 సీసీ కాంటినెంటల్‌ జీటీని ఫ్యాక్టరీ కేఫ్‌ రేసర్‌గా అమ్మింది. అదే పేరుతో చెన్నై కంపెనీ 2013లో 535 సీసీ, 2018లో 650 సీసీ బైకులు తెచ్చింది. సొంతంగా కట్టించుకునేవారు మన దేశంలో ఎక్కువగా క్యాస్ట్‌ ఐరన్‌ ఇంజిన్‌ బుల్లెట్‌, మైసూరులో తయారైన యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్‌ 100, రాజ్‌దూత్‌ ఆర్‌డీ 350 వంటి బండ్లను ఎంచుకుంటారు.

ధర లెక్క

ఖర్చు వేరు, విలువ వేరు. ఖర్చును మూడు భాగాలు చేస్తే లెక్క తేలుతుంది. మొదటిది బేస్‌ బండి. రెండోది ఇంజిన్‌ బోరింగ్‌, వైరింగ్‌, టైర్లు, బ్రేకులు. కొనేవాడు ఎలాగూ పెట్టాల్సిన ఖర్చు కనుక ఇందులో చాలావరకు తిరిగి వస్తుంది. మూడోది పెయింటు, సీటు, ట్యాంకు, సైలెన్సర్‌ వంటి అభిరుచి ఖర్చు. ఇందులో వెనక్కి వచ్చేది తక్కువ, ఎందుకంటే ఒకరికి ముచ్చటైన రంగు మరొకరికి ఎబ్బెట్టుగా ఉండొచ్చు.

ఒక ఊహా లెక్క చూద్దాం. అరిగిపోయిన బండిని 90 వేలకు కొన్నారనుకుందాం. మెకానికల్‌ పనికి 80 వేలు, రూపం మార్చడానికి 1.20 లక్షలు అయ్యాయి. మొత్తం 2.90 లక్షలు. అదే మోడల్‌, మార్పులేవీ లేకుండా మంచి కండిషన్‌లో ఉన్నది బయట 1.50 లక్షలకు దొరుకుతోందంటే కొనేవాడి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. రూపం నచ్చినవాడు దాని మీద మరో 40 వేలు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌, బీమా బాకీ ఉంటే 10 వేలు తగ్గిస్తాడు. మిగిలేది 1.80 లక్షలు. అప్పుడు 2 లక్షలు చెప్పి, 1.70 లక్షల దగ్గర గీత గీసుకోవడం సబబు. మిగతా 1.10 లక్షలు బండి మీద సరదాకు పెట్టిన సొమ్మే.

పై నుంచి మరో పరిమితి ఉంది. కొత్త కాంటినెంటల్‌ జీటీ 650 ధర మూడు లక్షల పైన మొదలవుతుంది. వారంటీతో, చిక్కులేని కాగితాలతో ఫ్యాక్టరీ కేఫ్‌ రేసర్‌ ఆ ధరకు దొరుకుతుంటే పాత బండికి అంతకు మించి ఇచ్చేవారు అరుదు.

అరుదైన బండ్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. ఆర్‌డీ 350 దేశంలో 1980లలో కొన్నేళ్లే తయారైంది. ఇలాంటి బండికి విలువంతా అసలు రూపంలో ఉంటుంది. దాని ఫ్రేమును కోస్తే విలువ పెరగకపోగా పడిపోతుంది. అసలు ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు, సైలెన్సర్లు దాచి ఉంచి, బండితో పాటే ఇస్తే ఆ నష్టంలో కొంత పూడుతుంది. వెల్డింగ్‌ చేయకుండా బోల్టులతో బిగించిన మార్పులకు ఇక్కడే విలువ.

చట్టం ఏమంటోంది?

ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కోసిన ఫ్రేము, వేరే ఇంజిన్‌ అతి పెద్ద చిక్కులు. ఆర్సీలో ఇద్దరు కూర్చునే బండి అని ఉండి, మీద ఒంటి సీటు ఉన్నా తేడాయే. రంగు మారిస్తే ఆర్సీలో నమోదు చేయించాలి.

‘వింటేజ్‌’ అనే మాటతోనూ జాగ్రత్త అవసరం. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్‌ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనమే వింటేజ్‌. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగితే ఆ హోదా రాదు. అంటే ఎంత పాతదైనా, అలా మార్చేసిన కేఫ్‌ రేసర్‌కు చట్టం దృష్టిలో ఆ పేరు చెల్లదు. అమ్మకం ప్రకటనలో ఆ మాట వాడితే తర్వాత వివాదానికి దారి ఇచ్చినట్టే.

మార్పులను దాచి అమ్మడం అంతకంటే ప్రమాదం. తెలిసిన విషయాన్ని కావాలని కప్పిపుచ్చడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌ కింద మోసం. అలాంటి ఒప్పందాన్ని కొన్నవారు రద్దు చేసుకోవచ్చు. ఏమేం మార్చారో జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు చేసుకోవడం మేలు.

అమ్మేటప్పుడు

ముందుగా ఛాసిస్‌, ఇంజిన్‌ నంబర్లు ఆర్సీతో సరిపోతున్నాయో చూసుకోవాలి. పౌడర్‌ కోటింగ్‌ కింద నంబరు పూడిపోయి పెన్సిల్‌ ప్రింట్‌ రాకపోతే ఆర్టీఓ ఆఫీసులో పని ఆగిపోతుంది. వాహనానికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ అయి ఉండాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి చేయించాలి. పని బిల్లులు, విప్పిన దశలో ఫ్రేము ఫొటోలు, చల్లటి ఇంజిన్‌ స్టార్ట్‌ అవుతున్న వీడియో ఉంటే బేరంలో మాట నిలబడుతుంది.

టెస్ట్‌ రైడ్‌కు బండి ఇచ్చేముందు లైసెన్సు చూడాలి, బీమా అమల్లో ఉండాలి. నగదుగా 2 లక్షలు, అంతకు మించి తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం కనుక బ్యాంకు ద్వారా తీసుకోవడమే మంచిది.

పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. వేరే రాష్ట్రానికి వెళ్లే బండికి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. లోను ఉండి తీరిపోతే ఫారం 35తో దాన్ని ఆర్సీలోంచి తీయించాలి. బెంగళూరు బండిని హైదరాబాద్‌కో, విజయవాడకో తెచ్చుకునేవారు అక్కడి లైఫ్‌ ట్యాక్స్‌ను కూడా లెక్కలో వేసుకుంటారు. ధర చెప్పేటప్పుడు ఇది గుర్తుండాలి. అమ్మినవారు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. కొన్నవారికి 30 రోజుల గడువు.

ఈ గడువులు లాంఛనం కాదు. ఆర్సీలో పేరున్నవారే యజమాని అని, బండి చేతులు మారినా ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని నవీన్‌ కుమార్‌, విజయ్‌ కుమార్‌ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతికిచ్చి, ‘మీరే మార్పించుకోండి’ అని వదిలేస్తే, ఎవరో నడిపిన బండికి పరిహారం కట్టాల్సింది పాత యజమానే కావచ్చు. అందుకే ధరలో కొంత మొత్తాన్ని పేరు మారేదాకా ఆపి ఉంచుకునే పద్ధతికి కొనేవాడు ఒప్పుకోకపోయినా, అమ్మేవాడు కనీసం ఫారం 29 రసీదు, తేదీ, సమయం రాసిన డెలివరీ నోట్‌ దగ్గర ఉంచుకోవాలి. కొత్త ఆర్సీ ప్రింటు చూసేదాకా అమ్మకం పూర్తయినట్టు కాదు.