దొరకు రాయి, సిపాయికి గొయ్యి



యుద్ధవీరుల సమాధులు చూడాలంటే ఏ కోహిమాకో, మద్రాసుకో వెళ్ళాలనుకుంటాం. మన ఉప్పల్, నాచారం వాళ్ళకు ఓ సైనికుడి సమాధి దగ్గర్లోనే ఉంది. రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా మూసీ దాటితే మూసారాంబాగ్. ఆ పక్కనే గుట్టమీద దాదాపు 23 అడుగుల నల్లరాతి స్తంభం కనిపిస్తుంది. దానిమీద బిరుదులు లేవు, చరిత్ర లేదు. ‘జె.ఆర్.’ అని రెండక్షరాలు, అంతే.

ఆయన రేమండ్ అనే ఫ్రెంచివాడు. 1755లో పుట్టాడు. వ్యాపారానికని పుదుచ్చేరి వచ్చి, చివరికి కత్తి పట్టి నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. అబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ ఆయన ఫిరంగులు పోయించిన చోటే. 1798 మార్చి 25న కన్నుమూశాడు. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముస్లిములు మూసారహీం అన్నారు. వర్ధంతినాడు అందరూ వెళ్ళి దీపాలు పెట్టి, ఊదువత్తులు వెలిగించేవారు. పరాయి దేశస్థుణ్ణి ఇంత సొంతం చేసుకున్న ఊరు మనది! 2001 వానలకు అక్కడి మంటపం కూలిపోతే, తర్వాత మళ్ళీ కట్టారు కూడాను.

అయితే రేమండ్ పోయింది యుద్ధంలో కాదు. మరి ఆయన వెంట నడిచి, యుద్ధంలో ఒరిగిపోయినవాళ్ళ మాటేమిటి?

1795 మార్చిలో, ఇప్పటి మహారాష్ట్రలోని ఖర్దా దగ్గర మరాఠాలతో నిజాంకు పోరు జరిగింది. రేమండ్ పటాలాలూ అందులో ఉన్నాయి. నిజాం ఓడిపోయాడు. జనానా భయపడబట్టే ఆయన వెనక్కి తగ్గాడని కథలు రాశారు. ఓటమికి ఆడవాళ్ళ పేరు పెట్టడం తేలికే కదా! కాని ఆ జనానాకు కాపలా ఉన్నదీ ఆడవాళ్ళేనని ఎందరికి తెలుసు? వేయిమంది చొప్పున రెండు ఆడ పటాలాలు, తుపాకులు పట్టి, ఖర్దాకు వెళ్ళాయి. వాటిని ‘జఫర్ పల్టన్’ అనేవారు. మామా బరన్, మామా చంపా వాటి నాయకురాళ్ళు. మిగతా సైన్యంకన్న వీళ్ళేమీ తీసిపోలేదని ఆనాటి ఇంగ్లీషు అధికారి ఒకరు రాసిపెట్టాడు.

గుట్టమీది రాయి మాత్రం నాయకుడొక్కడిదే. ఆ రోజుల్లో ఏ దేశంలోనైనా అంతేలెండి: దొరకు రాయి, సిపాయికి గొయ్యి.

ఈ పద్ధతి మారింది మొదటి ప్రపంచయుద్ధంలో. 1917లో బ్రిటిషువారు యుద్ధసమాధుల సంఘం పెట్టి, అధికారికైనా సిపాయికైనా ఒకే తీరు రాయి, ప్రతి ఒక్కరికీ పేరు అని నియమం చేశారు. మద్రాసు నందంబాక్కంలోని శ్మశానంలో రెండో యుద్ధంలో పోయిన 850 మందికి పైగా అలాగే వరసగా ఉన్నారు.

నియమం మంచిదే. అమలు మాత్రం అందరికీ ఒక్కలా జరగలేదు. మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేలమందికి తక్కినవారితో సమానంగా గౌరవం దక్కలేదని ఆ సంఘమే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వాళ్ళలో ఎక్కువమంది మన భారతీయులూ, ఆఫ్రికావాళ్ళూను. నూరేళ్ళ తర్వాతైనా లెక్క సరిచూసుకున్నారు.

పోయినవాళ్ళకు రాయితో పనిలేదంటారు. నిజమే కావచ్చు. కాని ఇంటి దగ్గర ఎదురుచూసిన తల్లికి, భార్యకు, ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండటం ఎంతో ఊరట.

అందుకే ఒక్క మాట. ఒక ఆదివారం పిల్లల్ని ఆ గుట్టమీదికి తీసుకెళ్ళండి. రేమండ్ కథ చెప్పండి. చెప్పి ఆగిపోకండి. మామా బరన్, మామా చంపా అని ఆ రెండు పేర్లు కూడా వాళ్ళచేత పలికించండి.