బ్లాక్ అండ్ వైట్ ఫొటో ప్రింట్‌కు ఏ ఇంకు మంచిది?

గండికోట జామియా మసీదును ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. కమానుల లోపలి నీడ, రాతిగోడ మీది ఎండ, పైన తెల్లటి ఆకాశం అన్నీ ఫోన్ స్క్రీన్ మీద విడివిడిగా కనిపిస్తాయి. అదే ఫొటోను ఇంట్లోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో తీస్తే గోడకు ఆకుపచ్చ ఛాయో గులాబీ ఛాయో వస్తుంది, కమాను లోపలంతా ఒకే నల్లముద్ద అయిపోతుంది. దాదా, నానీల పాత ఫొటోలు స్కాన్ చేసి ప్రింట్ తీసేవాళ్లకూ ఇదే తలనొప్పి. చాలాసార్లు ఇది ఫొటో లోపం కాదు, ఇంకు సంగతి.

బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో అసలైన నలుపు కొంచెమే. మిగతాదంతా బూడిదరంగు ఛాయలే. మామూలు ప్రింటర్‌లో ఉండేవి నాలుగు ఇంకులు: నలుపు, నీలం, గులాబీ, పసుపు. బూడిదరంగు కావాలంటే నల్లచుక్కలను దూరదూరంగా వేయాలి, లేదా మూడు రంగులనూ కలపాలి. కలిపినప్పుడు ఒక రంగు పిసరంత ఎక్కువైనా ముఖం మీద ఆ ఛాయ తేలుతుంది. ట్యూబ్‌లైట్ కింద బాగున్న ప్రింటు ఎండలోకి తెస్తే రంగు మారినట్టుండేది కూడా ఇందుకే.

కెనాన్ జీ సిరీస్‌లో నాలుగు సీసాల మోడళ్లు, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్ వంటి వాటిలో నల్ల ఇంకు పిగ్మెంట్, రంగులు డై. ఈ నలుపు అక్షరాల కోసం పెట్టింది. గ్లాసీ ఫొటో పేపర్ ఎంచుకుంటే ప్రింటర్ దాన్ని పక్కనపెట్టి, మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. కొత్త నల్ల సీసా పోసినా ఫొటోలో తేడా రాకపోవడానికి కారణం అదే.

కొత్తగా ప్రింటర్ కొనేవాళ్లు బూడిదరంగు ఇంకు విడిగా ఉందో లేదో ముందు అడగాలి. కెనాన్ జీ 570, ఎప్సన్ ఎల్ 8180లలో ఒక గ్రే ఇంకు ఉంటుంది. కెనాన్ ప్రో 1000, ఎప్సన్ పీ 900 వంటి పెద్ద యంత్రాల్లో రెండు గ్రేలు ఉంటాయి. అవి స్టూడియో వాళ్లకు సరే, ఏడాదికి పది ఫొటోలు తీసే ఇంటికి దండగ. అలాంటివాళ్లు ఫైలు తీసుకెళ్లి, గ్రే ఇంకు ఉన్న ల్యాబ్‌లో ప్రింట్ తీయించుకోవడమే మేలు.

డై కావాలా, పిగ్మెంట్ కావాలా అన్నది ప్రింటును ఎక్కడ ఉంచుతారన్న దాన్ని బట్టి తేల్చుకోండి. మనలో చాలామంది పెద్దల ఫొటోలు గోడకు తగిలించరు, ఆల్బమ్‌లో పెట్టి బీరువాలో దాస్తారు. వెలుతురు, గాలి తగలని చోట డై ఇంకు కూడా చాలాకాలం నిలుస్తుంది, గ్లాసీ మీద మెరుపూ బాగుంటుంది. హాల్లో గోడకు పెట్టే మసీదు ఫొటోకు, కోట ఫొటోకు మాత్రం పిగ్మెంటే. మన కడప, కర్నూలు ఎండ వెలుతురు కిటికీలోంచి రోజూ పడే గోడ మీద డై ప్రింటు ముందుగా వెలిసిపోతుంది.

పిగ్మెంట్ నలుపులోనూ రెండు రకాలున్నాయి. ఫొటో బ్లాక్ గ్లాసీకి, మ్యాట్ బ్లాక్ మ్యాట్ పేపర్‌కు. మ్యాట్ బ్లాక్‌ను గ్లాసీ మీద వాడితే వేలితో రుద్దినా లేచివస్తుంది.

రంగులే లేకుండా పూర్తిగా నలుపు ఇంకులతోనే ప్రింట్ చేసే పద్ధతీ ఉంది. అమెరికాలో జాన్ కోన్ తెచ్చిన పీజోగ్రఫీలో రంగుల ఇంకుల స్థానంలో ముదురు నుంచి లేత వరకు కార్బన్ నలుపులు నింపుతారు. కార్బన్ అంటే మసే. పాతకాలం ఖత్తాతులు దీపపు మసిని తుమ్మజిగురులో కలిపి రోష్నాయి చేసుకునేవారు, ఆ రాతలు వందల ఏళ్లు నల్లగానే ఉన్నాయి. కార్బన్ ఇంకు సహజంగా కొంచెం గోధుమ ఛాయలో ఉంటుంది. అది లోపం కాదు. నిజాం కొలువులో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలపు ఆల్బుమెన్ ప్రింట్లూ గోధుమ రంగువే, పాత ముఖాలకు ఆ ఛాయ నప్పుతుంది. కాకపోతే ఆ ప్రింటర్‌ను ఇక దానికే కేటాయించాలి, పిల్లల ప్రాజెక్టులకు రంగుల ప్రింటు రాదు.

బజారులో దొరికే చవక సీసాల్లో డై ఏదో పిగ్మెంట్ ఏదో లేబుల్ మీద చూడండి. రాయకపోతే కొనకండి. డై ట్యాంకులో పిగ్మెంట్ పోస్తే నాజిల్ మూసుకుపోయి హెడ్డే మార్చాల్సి రావచ్చు. వేసవిలో వారానికోసారి నాజిల్ చెక్ కాగితం తీయండి, వాడకపోతే ఇంకు ఎండిపోతుంది.

ఒకే ఒక్క పాత ఫొటో ఉన్నవాళ్లు ముందు దాన్ని కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి రెండు చోట్ల దాచుకోండి. తర్వాత అదే పేపర్‌పై 4×6 సైజులో ఒక ట్రయల్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. రెండు చోట్లా ముఖం ఒకేలా ఉంటేనే పెద్ద సైజు చెప్పండి.