దుఆకీ దగాకీ మధ్య ఒక నుఖ్తా

కంప్యూటర్ తెర మీద తస్వీర్ చూడటం ఇప్పటి పిల్లలకి ఆసాన్ పని. ఆ జమానాలో మెషిన్‌కి తెలుపూ నలుపూ తప్ప మూడోది తెలియదు. 1982లో వచ్చిన హెర్క్యులిస్ కార్డు అడ్డంగా 720, నిలువుగా 348 చుక్కలు చూపించేది. చుక్క వెలిగితే వెలిగినట్టు, ఆరితే ఆరినట్టు. బస్. దాదాజాన్ నెరిసిన గడ్డానికీ నల్ల షేర్వానీకీ మధ్య ఉండే బూడిద రంగు దానికి బోధపడేది కాదు.

దీనికి తర్కీబ్ అప్పటికే ఉంది. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ఒక హిసాబ్ రాశారు. అది చదివినప్పుడల్లా నాకు మన మీరాస్ పంపకం యాదికొస్తుంది. ఒక చుక్క తెలుపా నలుపా అని ఫైసలా చేశాక అసలు రంగుకీ దానికీ కొంత తేడా మిగులుతుంది కదా, ఆ బకాయాని పారెయ్యరు. పదహారు హిస్సాలు చేసి కుడి పక్క చుక్కకి 7, కింది వరసలో ఎడమదానికి 3, సరిగ్గా కిందున్నదానికి 5, కుడిదానికి 1 ఇస్తారు. ఎవరి హక్కూ పోదు! దూరం నుంచి చూస్తే ఆ నల్లచుక్కల గుంపే నీడలా కనిపిస్తుంది. అఖ్బారులో ఫోటోని భూతద్దంతో చూసినవాళ్ళకి ఇలాంటి మాయ కొత్త కాదు.

1987లో ఐబీఎం వీజీఏ తెచ్చింది, కంప్యూసర్వ్ జిఫ్ ఫైలు తెచ్చింది. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 64 మెట్లు. మూడూ సమానంగా కలిస్తేనే బూడిద రంగు కాబట్టి అసలైన బూడిద ఛాయలు అరవై నాలుగే. ఫైల్లో 256 ఉన్నా తెర వాటితోనే సరిపెట్టేది. కాంపుషో, వీపిక్ లాంటి చిన్న డాస్ ప్రోగ్రాముల్లో ఫైలు పేరు ఎంచి ఎంటర్ కొడితే తస్వీర్ పైనుంచి గీత గీతగా దిగేది. ముందు టోపీ, తర్వాత నుదురు, ఆ తర్వాతే కళ్ళు. సబర్ ఉండాలి. 320×200 తెర నిండా ఒక తస్వీర్ అంటే 64,000 బైట్లు. కుదించకపోయినా 1.44 ఎంబీ ఫ్లాపీలో ఇరవై పైచిలుకు పట్టేవి, మతలబ్ ఒక ఖాందాన్ మొత్తం.

ఉర్దూ కాగజ్‌లకి ఈ బూడిద రంగు షౌఖ్ కాదు, జరూరత్. బే, పే, తే, సే నాలుగు హర్ఫులకీ ఒళ్ళు ఒకటే, నుఖ్తాలే తేడా. ఒక్క నుఖ్తా ఎక్కువ పడితే దుఆ కాస్తా దగా అవుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్ ప్రాజెక్టు పుస్తకాలని అంగుళానికి 600 చుక్కల చొప్పున, వట్టి తెలుపు నలుపుల్లో స్కాన్ చేసింది. ఫైలు చిన్నదవుతుంది, లక్షల కితాబులు చెయ్యాలంటే అదే దారి. నాకు శికాయత్ లేదు. అచ్చు పుస్తకానికి అది చాలు. తడిసిన చేతిరాతకి మాత్రం చాలదు.

మా కోనసీమలో తడవని కాగితం ఏ ఇంట్లో ఉంది? 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి అమలాపురం, రాజోలు వైపు కొబ్బరితోటలు నేలకూలాయి, ఊళ్ళు మునిగాయి. కొత్తపేటలో మా సందూఖ్‌లోకీ నీళ్ళొచ్చాయి. నానీ నికాహ్‌నామా మీద గోధుమరంగు మరక పడింది. తర్వాత ఒక షాపులో తెలుపు నలుపుల్లో స్కాన్ చేయిస్తే మరకంతా నల్లటి ముద్దయింది, మెహర్ రాసిన వరస అందులో గల్లంతు.

అదే కాగజ్‌ని నిరుడు గ్రేస్కేల్‌లో పెట్టాను. మరక ఒక ఛాయ, సియాహీ అంతకన్నా ముదురు ఛాయ. మరకలోంచి హర్ఫులు విడివిడిగా లేచాయి. మెహర్ నూట పాతిక రూపాయలు, కింద గవాహ్‌లుగా ఇద్దరి దస్తఖత్‌లు. రెండో ఆయన ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.